వైమాసి దీవికి వెళ్ళవద్దు

వైమాసి దీవి,
12 జూన్ 2000, సోమవారం

ప్రభువునందు ప్రియుడును, రాజు గుమ్మం దగ్గర కూర్చుండువాడునైన నా బావమరిది సెమేసాకు, నీ బావ పౌలియాసి వందనాలు చెప్పి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం ఎక్కువై చస్తున్నాం.

రేవుకు ఎడమ పక్క అతిథుల కోసం మేం కట్టిన మూడు కొబ్బరాకు గుడిసెలు నీకు తెలుసుగా. ఈస్టరుకు వాటిలో పద్నాలుగు మంది దిగారు. ఒకడికి చోటు చాలక గుడి వరండాలో పడుకున్నాడు. పొద్దున నా ప్రసంగం మొదలయ్యేదాకా లేవలేదు, మొదలయ్యాక లేచి పారిపోయాడు. ఇప్పుడా గుడిసెల్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. పోయిన నెల పంతొమ్మిదిన మీ సువాలో తుపాకుల వాళ్ళు పార్లమెంటులో దూరి మంత్రుల్ని బంధించారు చూడు, ఆ రోజు నుంచి ఈ ఇసుక మీద ఒక్క కొత్త పాదం పడలేదు. సువా ఎక్కడ, మేమెక్కడ? మధ్యన కొండల వరసొకటి, సముద్రమొకటి ఉన్నాయి. ఆకాను ఒక్కడు తన డేరాలో దొంగసొత్తు దాస్తే ఇశ్రాయేలు మొత్తం దెబ్బలు తిన్నట్లుంది మా గతి.

అతిథులు రాకపోతే మానె, చేపలు మేమే తింటాం. నా దిగులు పసుపు పడవ గురించి. శనివారం శనివారం లౌటోకా నుంచి అతిథుల్ని తెచ్చి, సోమవారం వాళ్ళను తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చే ఆ పడవలోనే మీ అక్క లితియా రెండు వారాలకోసారి ఆసుపత్రికి వెళ్ళి కాలి పుండుకు కట్టు మార్పించుకుంటోంది. చక్కెర జబ్బు పుండు మామూలు పుండు కాదని నీకు చెప్పనక్కర్లేదు. మొన్న కెప్టెను తల గోక్కుంటూ చెప్పాడు: ఆగస్టు ఆఖరుకల్లా ఒక్క అతిథి కూడా దిగకపోతే వైమాసి దగ్గర ఆపవద్దని కంపెనీ మాటట. ఆపకపోతే మిగిలేది మా చిన్న మోటారు పడవ. అయిదు గంటలు, నడి సముద్రం, పుండు మీద ఉప్పునీళ్ళు. ఒక్క కట్టు తప్పినా వేలు పోతుందనీ, రెండు తప్పితే పాదమే పోతుందనీ డాక్టరు వేళ్ళు మడిచి మరీ చెప్పాడు.

నువ్వేమో విదేశీ రాయబార కార్యాలయం గేటు దగ్గర కూర్చుంటావు. మొర్దెకై అంతకన్నా ఏం చేశాడు? గేటు దగ్గర కూర్చునే తన యూదజాతినంతా కాపాడాడు. లోపలికి వెళ్ళి చెప్పు, మా దీవిలో తుపాకీ లేదని.

మెలకువగా ఉండు. ప్రభువు రాకడ కోసమూ, నీ డ్యూటీలోనూ.
పౌలియాసి


సువా,
21 జూన్ 2000

బావా,

మొర్దెకైకి గేటు దగ్గర కుర్చీ ఉండేదేమో నాకు తెలియదు. నాకు మాత్రం లేదు. పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నాను. పైగా మొర్దెకైకి కర్ఫ్యూ లేదు. సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో పడాలి. యంగోనా తాగుదామంటే తోడు దొరక్క ఒక్కణ్ణే గిన్నె ముందేసుకుని నాకు నేనే మర్యాదలు చేసుకుంటున్నాను.

నీ మాట కాదనలేక లోపలికి వెళ్ళాను. వీళ్ళ దేశపు వాళ్ళు ఎక్కడికి ప్రయాణం కట్టాలన్నా ముందు చదువుకునే హెచ్చరిక కాగితం ఒకటుంది. దాన్ని రాసేది మిస్ ఫ్రాన్సెస్ అని ఒక చిన్నమ్మాయి. మంచి పిల్ల, నాకు రోజూ గుడ్ మార్నింగ్ చెబుతుంది. కాగితంలో ఫిజీ మొత్తానికీ ఒకటే మాట: వెళ్ళవద్దు. మా బావ దీవిలో గొడవలేమీ లేవమ్మా అన్నాను. సరే, అక్కడ భద్రతా ఏర్పాట్లు ఏమున్నాయని అడిగింది. మూడు కుక్కలని చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. వాటిలో ఒకటి పుట్టిన దగ్గర్నుంచీ నిద్రలోనే పెరిగింది కదా.

ఒక ఫారం ఇచ్చింది, ఇందులో పెట్టాను. రెండే గళ్ళు. ఒకటి, అతిథులకు మీరు చేసిన భద్రతా ఏర్పాట్లు. రెండు, గతంలో విదేశీయులకు ఏదైనా హాని జరిగిందా. బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కో గడిలో ఒక్కో ముక్క రాయి. ప్రసంగం చేయకు. కాగితం వెనక్కి తిప్పకు.

అక్క చక్కెర టీ మానిందా? నీకు తెలియకుండా తాగుతుంది, డబ్బాలు లెక్కపెట్టుకో.

నీ బావమరిది
సెమేసా


వైమాసి,
3 జూలై 2000

సత్యమందు ప్రియమైన సెమేసాకు,

గడి చిన్నది, సంగతి పెద్దది. కాగితం వెనక్కి తిప్పాను. అదీ చాలక కీర్తనల పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి జతచేశాను.

మొదటి గడి. భద్రత ఉందా అని అడగడంలోనే ఆ అమ్మాయి వివేకం కనిపించింది. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించినప్పుడు సగం మంది పని చేస్తే సగం మంది ఈటెలు పట్టుకుని నిలబడలేదా? ఊరి పెద్దతో మాట్లాడి ఇరవై మందిని నిలబెట్టాను. తాతలనాటి యుద్ధపు దుడ్డుకర్రలు అటకమీంచి దించి కొబ్బరి నూనె పూశాం. ముఖాలకు మసి రాశాం. ప్రతి శనివారం పసుపు పడవ రాగానే శంఖం ఊది, ఇసుక మీద వరసగా నిలబడి, కర్రలెత్తి ఒక్క గొంతుతో కేక వేస్తారు. అతిథికి ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించు. మొన్న శనివారం దేవుని దయవల్ల ఇద్దరు అమ్మాయిలు వీపున సంచులతో మెట్టు దిగబోయారు. మా వాళ్ళు భద్రత చూపించారు. వాళ్ళు మళ్ళీ పైకెక్కి కూర్చున్నారు. ఎండ దెబ్బ కాబోలు.

రెండో గడి. ఇక్కడ శోధన ఎదురైంది. హాని ఏమీ లేదని రాస్తే సరిపోతుందని స్కూలు మాస్టరు అన్నాడు. అననీయ పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అపొస్తలుల ఎదుట అబద్ధమాడితే ఏమైంది? నిలబడ్డ చోటే ప్రాణం పోయింది. నేను దాచలేదు. మా ముత్తాత తండ్రి కాలంలో తిమింగలాల వేట ఓడ ఒకటి నీళ్ళ కోసం ఇక్కడ ఆగిందనీ, దాని వంటవాడు ఒంటరిగా ఊళ్ళోకి వస్తే పట్టుకుని వేడి రాళ్ళ లోవో గోతిలో కాల్చి తిన్నారనీ, తరవాత సువార్త వచ్చి అందరూ పశ్చాత్తాపపడ్డారనీ, ఇప్పుడు అదే గోతిలో ఆదివారాలు అతిథులకు చామదుంపలు కాలుస్తున్నామనీ, ఇంతవరకూ ఎవరూ రుచికి వంక పెట్టలేదనీ రాసి సంతకం చేశాను.

మీ అక్క చదివి, "ఇదెవరడిగారు?" అంది. ఫారమే అడిగిందన్నాను.

నీ బావ, సాక్షి
పౌలియాసి


సువా,
12 జూలై 2000

బావా, బావా, బావా,

నీ నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ చేతి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మిస్ ఫ్రాన్సెస్ సెలవులో ఉంది. నీ ఫారం నేరుగా రాయబారి గారి బల్ల మీదికి పోయింది. అదే వారం ఆ ఇద్దరమ్మాయిలు లౌటోకా నుంచి ఫోను చేసి ఏడ్చారట. నిన్న కొత్త హెచ్చరిక వేశారు. గేటు బోర్డు మీద నాచేతే అంటించారు. మాట మాటగా నీకు రాస్తున్నాను, కూర్చుని చదువు:

"ఫిజీకి వెళ్ళవద్దు. ముఖ్యంగా వైమాసి దీవికి వెళ్ళవద్దు. అక్కడ తీరంలో సాయుధులు పహరా కాస్తున్నారు. గతంలో అక్కడ ఒక విదేశీయుణ్ణి చంపి తిన్నట్లు స్థానిక బోధకుడే ధ్రువీకరించారు."

ఎప్పుడో చెప్పలేదు బావా. మొన్ననా, నూట అరవై ఏళ్ళ కిందటా అన్నది కాగితంలో లేదు. నిన్నటిదాకా వైమాసి అనే దీవి ఉందని ఈ భూమ్మీద మన చుట్టాలకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రపంచానికంతా తెలుసు.

పదకొండేళ్ళలో రాయబారి గారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నిన్న కారు ఆపించి, అద్దం దించి, "వంటవాణ్ణా?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. అద్దం ఎత్తేశారు.

అక్క కాలి గురించి ఒక్క ముక్క రాయలేదేం? రాయలేదంటే బాగాలేదని అర్థం. నీకు దాచడం చేతకాదు, అందుకే ఆ మాటే ఎత్తవు.

సెమేసా


వైమాసి,
18 జూలై 2000

నా ఎముకల్లో ఎముకయైన సెమేసాకు,

నీ ఉత్తరం చదివి బూడిదలో కూర్చోవలసినవాణ్ణి. లోవో గోతిలో తప్ప బూడిద లేదు, అక్కడ కూర్చుంటే మళ్ళీ ఎవరైనా ఏమైనా రాస్తారని మానేశాను.

బందీలందర్నీ విడిచిపెట్టారని రేడియోలో విని గుడి దగ్గర లాలి చెక్కడోలు మోగించాం. అబద్ధమెందుకు, నా ఏడుపు నాకే ఉంది. లితియా రెండో వేలు నల్లబడుతోంది. ఆమె మేజోడు తొడుక్కుని దాస్తోంది. ఈ ఎండల్లో మేజోడేమిటే అని అడిగితే ఫ్యాషనంటోంది. పడవ ఇంకా ఆగుతోంది, కాని కెప్టెను నా ముఖం చూడటం మానేశాడు. ఇక ఆరు శనివారాలు.

తప్పు నాది. తప్పుకు మన దగ్గర ఒకటే దారి, తలవంచి తంబువా పట్టుకెళ్ళడం. మీ అక్కను అడగడానికి మీ నాన్న ముందు పెట్టిన తిమింగలపు పన్ను మీ ఇంట్లో ఉంది. దాని జంటది మా ఇంట్లో ఉంది, తాతగారి నాటిది, చేతులు తగిలి తగిలి తేనె రంగుకు తిరిగింది. పాత చాపలో చుట్టి, కొబ్బరిపీచు తాడుతో గట్టిగా కట్టి, లౌటోకా బస్సులో నేరుగా రాయబారి గారి పేరనే పంపుతున్నాను. నీ పేరన పంపితే దొడ్డిదారిన వచ్చినట్లవుతుంది. మూట మీద నా చేత్తో ఇలా రాశాను: "మీరు మా మీద రాసినదానికి వైమాసి వారి జవాబు. తెరిచిన వెంటనే అర్థమవుతుంది."

మూట వచ్చాక నువ్వు లోపలికి వెళ్ళి, మోకరించి, మా తరఫున క్షమాపణ చెప్పు. ఆయన చెయ్యి తాకితే చాలు. తంబువా అందుకున్నవాడు కాదనడానికి లేదు, రాయబారైనా సరే.

మాటలు పొదుపుగా వాడు. నాలా కాకు.
పౌలియాసి


సువా,
31 జూలై 2000

బావా,

తెరిచిన వెంటనే అర్థమవుతుందని రాశావు. తెరవకముందే వాళ్ళకు అర్థమైపోయింది. బాంబని.

బస్సువాడు మూట తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. నేను అప్పుడు వెనకవైపు చెట్లకు నీళ్ళు పోస్తున్నాను. కాపలా సార్జెంటు మూట మీది రాత చదివాడు. వైమాసి అనే మాట చూశాడు. ఈల వేశాడు. నిమిషంలో కార్యాలయం ఖాళీ. గుమాస్తాలు, టైపిస్టులు, వంటావిడ అందరూ పచ్చిక మీదికి పరుగు. రాయబారి గారు ఒక కాలికి బూటుతో, రెండో కాలికి మేజోడుతో వచ్చారు. చేతిలో మాత్రం టీ కప్పు వదల్లేదు, పెద్దమనిషి. సైనికులు ఇసుక బస్తాలు మోస్తున్నారు.

నేను గొట్టం పట్టుకునే వచ్చి చూశాను. ఆ తాడు ముడి చూడగానే గొట్టం పారేశాను. ఆ ముడి వేసేది ప్రపంచంలో మా అక్క ఒక్కతే. చిన్నప్పుడు నా లాగుకు కూడా అదే ముడి వేసేది, నేను విప్పుకోలేక ఎన్నిసార్లు తడుపుకున్నానో. సార్జెంటు ఆగమంటున్నా వినకుండా వెళ్ళి ముడి విప్పాను. సగం మంది నేల మీద పడుకున్నారు. చాప తీశాను. పన్ను ఎండలో మెరిసింది.

ఇక ఏం ఆలోచించలేదు బావా. పెద్దలందరూ పచ్చిక మీద సమకూడే ఉన్నారు, లోపలికి వెళ్ళే పనే లేదు. పన్ను రెండు చేతుల్లో పట్టుకుని రాయబారి గారి మేజోటి కాలి ముందు మోకరించాను. నువ్వు చెప్పమన్న మాటలు మరిచిపోయాను. నోటికొచ్చింది చెప్పాను. "అయ్యా, మా బావ రాసింది నిజమే, కానీ పాతది. ఆ కర్రల వాళ్ళు మా అన్నదమ్ములు, చేపలు పట్టుకునేవాళ్ళు. మా అక్క కాలు కుళ్ళుతోంది. పడవ ఆగాలంటే మనిషి దిగాలి. మమ్మల్ని క్షమించండి" అన్నాను.

ఆ రోజే సెలవు ముగించుకుని వచ్చిన మిస్ ఫ్రాన్సెస్ ఆయన చేతిలో టీ కప్పు తీసుకుంది. ఆయన వంగి రెండు చేతులతో పన్ను అందుకున్నారు. "నేనిప్పుడేం అనాలి సెమేసా?" అని అడిగారు. నా పేరు ఆయనకు తెలుసని నాకు తెలియదు. అందుకున్నానంటే చాలండీ అన్నాను. అన్నారు.

అయితే దేశం మీది హెచ్చరిక తీసే అధికారం ఆయనకు లేదట, అది వాళ్ళ రాజధాని పని. వైమాసి పేరు మాత్రం కొట్టేయగలరట. తన తప్పూ ఉందన్నారు, ఏ కాలం నాటిదో అడక్కుండా వేశానని. దీవి తరఫున ఒక్క ముక్క రాసి పంపితే అది అందిన వారమే పేరు తీసేస్తారు. వెంటనే రాయి. ఒక్క ముక్క.

నాకు కుర్చీ ఇచ్చారు. కూర్చుంటే నిద్ర వస్తోంది.
సెమేసా


వైమాసి,
8 ఆగస్టు 2000

గేటు దగ్గర కుర్చీ పొందిన సెమేసాకు,

నీ ఉత్తరమూ, దాన్ని తలకిందులు చేసే సంగతీ ఒకే పడవలో దిగాయి. నిదానంగా చదువు.

శనివారం ఎప్పటిలా మా వాళ్ళు ఇసుక మీద నిలబడ్డారు. నువ్వు రాసి పంపిన ఆ హెచ్చరిక చదివాక కర్రలు వద్దన్నాను. వట్టి చేతులతో, కడిగిన ముఖాలతో, పూలదండలతో నిలబెట్టాను. పడవలోంచి ఏడుగురు దిగారు. సెమేసా, ఏడుగురు. నడుము లోతు నీళ్ళలో నవ్వుతూ దిగారు. ముందున్నవాడి చేతిలో మీ హెచ్చరిక కాగితం, ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. "ఇదేనా ఆ దీవి?" అని అడిగాడు. ఇదేనన్నాను. వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు చెప్పాడు, వాళ్ళు చప్పట్లు కొట్టారు. తరవాత అతని ముఖం చిన్నబోయింది. "మరి సాయుధులేరీ?" అన్నాడు.

పూలదండల వాళ్ళను చూపించాను. వచ్చినవాళ్ళు ఎంత నిరుత్సాహపడ్డారంటే నాకే జాలేసింది. మావాళ్ళు పరుగున వెళ్ళి కర్రలు తెచ్చి, మసి పూసుకుని, మళ్ళీ మొదటినుంచి కేక వేశారు. మూడుసార్లు వేయించుకున్నారు.

తరవాత గొయ్యి చూపించమన్నారు. నా రక్తం ఉడికింది. పాపపు పట్నం సొదొమను చూడటానికి టికెట్టు కొన్నట్లుంది వీళ్ళ వాలకం అనుకున్నాను. గోతి ఒడ్డున నిలబడి నా బలమంతా పెట్టి పాపం గురించి గంటసేపు చెప్పాను. ఎవరూ పారిపోలేదు. చివర్న ఒకమ్మాయి, "ఆ వంటవాడి పేరేమిటి?" అని అడిగింది. తెలియదన్నాను. మా తాతలు ఎప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు. ఆ అమ్మాయి తలమీది టోపీ తీసింది. అందరూ తీశారు. నూట అరవై ఏళ్ళుగా ఆ మనిషి మీద ప్రసంగం చేశామే గాని, ఆ మనిషి కోసం ఒక్కరమూ మోకరించలేదు. మొన్న మోకరించాం, కర్రల వాళ్ళతో సహా.

కెప్టెను కంపెనీకి చెప్పాడు. వచ్చే శనివారానికి పదకొండు మంది ఉన్నారట. డిసెంబరు దాకా పడవ ఆపవద్దన్న మాట ఇక ఎత్తరు. అదే పడవలో లితియా లౌటోకా వెళ్ళి నిన్న తిరిగొచ్చింది. వేలు తీయనక్కర్లేదని డాక్టరు చెప్పాడు, కట్టు తప్పకపోతే.

ఇప్పుడు నా శోధన చూడు. పేరు కొట్టేస్తామంటారు మీ దొర. కొట్టేస్తే మేం మళ్ళీ ఎవరికీ తెలియని దీవి, పడవ ఆగదు. కొట్టేయకపోతే 'సాయుధులు' అన్న అబద్ధం మీద మేం బతుకుతున్నట్లు. మూడు పూటలు ఉపవాసముండి ఆలోచించాను. లితియాతో చెప్పాను, "అబద్ధపు సాక్ష్యం మీద నీ కాలు నిలబెట్టలేనే" అని.

ఆమె చేప తోముతూ తల ఎత్తకుండా అంది: "కాలు నాది. సాక్ష్యం నీది. రెండూ కలపకు. అందులో ఏది అబద్ధమో అదే తీయించు, మిగతాదాని జోలికి పోకు."

బిడ్డ ఏ తల్లిదో తేల్చడానికి సొలొమోను కత్తి తెమ్మని అడిగాడు. మీ అక్క చేతిలో ముందే ఉంది.

కాబట్టి రాయబారి గారికి వైమాసి దీవి తరఫున ఇదే నా ఒక్క ముక్క. 'సాయుధులు' అన్నది తప్పు, అది కొట్టేసి 'కర్రలు పట్టుకున్న చేపలవాళ్ళు' అని వేయండి. వంటవాడి మాట నిజం, అది నేను సంతకం పెట్టి ఇచ్చిన సాక్ష్యం, దాన్ని ముట్టుకోవద్దు, ఏ కాలం నాటిదో మాత్రం చేర్చండి. ఆయన పేరు మీ దేశపు పాత ఓడల దస్తావేజుల్లో ఎక్కడైనా దొరికితే మాకు పంపండి, రాయి మీద చెక్కించాలి. ఇక 'వెళ్ళవద్దు' అన్నది మీ ఇష్టం, పాలకులకు లోబడడం మా ధర్మం.

నీ బావ
పౌలియాసి

తమ్ముడూ, ఇది నేను, లితియాను. మీ బావ సంతకం పెట్టి బయటికి వెళ్ళాడు. ఆ 'వెళ్ళవద్దు' అనేది కాస్త పెద్ద అక్షరాలతో వేయించగలవేమో, ఆ అమ్మాయిని అడిగి చూడు.